ముక్కూ మొహం తెలియనివాడికి మన లాభం మీద అంత ప్రేమ ఎందుకు?



జీతాలు పడే వారం ఇది. ఎక్స్చేంజ్ ముందు లైన్లు కట్టే వారం. ఇంటికి ఎంత పంపాలి, మెస్సుకు ఎంత, చిట్టీకి ఎంత, వీసా కోసం ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పుకు ఎంత అని లెక్క చూసుకుంటే చేతిలో మిగిలేది ఏపాటిదో మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఆ మిగిలిన కాస్త మీద కన్నేసినవాళ్ల గురించే ఈసారి సంపాదకీయం. కొంచెం పొడుగే ఉంటుంది. డ్యూటీ బస్సులో కూర్చుని చదవండి. చదవడం రానివాళ్లు రూంలో ఉంటే రాత్రికి చదివి వినిపించండి.

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. స్కాఫోల్డింగ్ పని చేస్తాడు. "అన్నా, ఆప్‌ల నా పేరు మీద 41 వేల దిర్హంలు కనబడుతున్నయి. తీసుకోనీకి ఇంకో 6 వేలు టాక్స్ కట్టాలంటున్నరు. రూంల వాళ్లను అడిగిన, తలా ఇంత సర్దుతమన్నరు. రేపు కడుదామనుకుంటున్న, కట్టాలె గద?" అని అడిగాడు. అతను అప్పటికే పెట్టింది 11 వేలు. మోసపోయానని చెప్పడానికి అతను ఫోన్ చేయలేదు. ఇంకో 6 వేలు అప్పు చేయడానికి సలహా అడుగుతున్నాడు. "తమ్మీ, ఆ 41 వేలు ఎక్కడా లేవు" అని చెప్పడానికి మాకు గంట పట్టింది. నమ్మడానికి అతనికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులు రూం వాళ్లు పైసలు చేతికి ఇవ్వకుండా ఆపారు కాబట్టి 6 వేలు మిగిలాయి. 11 వేలు పోయినట్టే.

ఇది ఎట్లా మొదలవుతుందో చూడండి. తెలియని నంబర్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్ వస్తుంది. "డాక్టర్ గారూ, రేపటి అపాయింట్‌మెంట్ ఉందా?" అని. మీరు రాంగ్ నంబర్ అని పెడతారు. అక్కడితో అయిపోవాలి. కానీ అటునుంచి "అయ్యో సారీ, మీరు చాలా మర్యాదగా జవాబిచ్చారు, ఏ ఊళ్లో ఉంటారు?" అని ఇంకోటి వస్తుంది. డీపీలో చక్కని అమ్మాయి ఫోటో. సింగపూర్‌లోనో లండన్‌లోనో వ్యాపారం అంటుంది. ఆ రోజు నుంచి పొద్దున గుడ్ మార్నింగ్, రాత్రి తిన్నావా అని అడగడం. నలభై అయిదు డిగ్రీల ఎండలో పని చేసి వచ్చిన మనిషిని తిన్నావా అని అడిగేవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? వాళ్లు పట్టుకునేది మన ఆశను అని అందరూ అంటారు. మాకైతే ఆశ కంటే ముందు వాళ్లు పట్టుకునేది మన ఒంటరితనాన్ని అనిపిస్తుంది. ఇళ్లల్లో పని చేసే మన అక్కచెల్లెళ్లకైతే మగవాడి ఫోటోతో వస్తారు. ఓడలో ఇంజినీరనో, డాక్టరనో చెబుతారు. పెళ్లి మాట కూడా ఎత్తుతారు.

రెండు మూడు వారాలు పైసల మాటే రాదు. అందుకే నమ్మకం కుదురుతుంది. తర్వాత ఒకరోజు మాటల్లో మాటగా "మా మేనమామ క్రిప్టో మార్కెట్‌లో పెద్ద తలకాయ, ఆయన చెప్పినప్పుడు పెడితే నష్టమే ఉండదు" అని వస్తుంది. ఒక లింకు పంపుతారు. ఆప్ దించుకోమంటారు. 200 దిర్హంలతో మొదలుపెట్టిస్తారు. మూడు రోజుల్లో 260 అయినట్టు చూపిస్తుంది. తీసుకోమంటారు. నిజంగానే వస్తాయి! చాలామంది పడిపోయేది ఇక్కడే. "అన్నా, ఫేక్ అయితే నాకు పైసలు ఎట్లా వచ్చినయి?" అని మాతోనే వాదిస్తారు. గాలానికి ఎర గుచ్చకుండా చేప పడుతుందా? ఆ 60 దిర్హంలు వాళ్ల ఖర్చు ఖాతా. ఈ మోసానికి చైనా భాషలో పెట్టిన పేరు పందిని మేపి కోయడం. మన దగ్గర ఇంకా పాత మాట ఉంది, గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని.

ఆ తర్వాత 2 వేలు, 5 వేలు, 10 వేలు. స్క్రీన్ మీద అంకె పెరుగుతూనే ఉంటుంది. తీసుకుందామని నొక్కిన రోజు మాత్రం టాక్స్ కట్టమంటారు. అది కడితే అకౌంట్ ఫ్రీజ్ అయింది, తీయడానికి ఫీజు అంటారు. అదీ కడితే ఇంకోటి. మీరు కట్టడం ఆపే దాకా కొత్త పేరుతో కొత్త ఫీజు పుడుతూనే ఉంటుంది.

ఆ ఆప్ లోపల మార్కెట్ లేదని గట్టిగా గుర్తు పెట్టుకోండి. అందులో కనిపించే అంకెలు వాళ్లు వేసిన అంకెలు, అంతే. మన పైసలు మొదటి రోజే, మనం పంపిన నిమిషంలోనే వాళ్ల వాలెట్‌కు చేరిపోయాయి. అందులో పెరగడానికీ తరగడానికీ ఏమీ మిగల్లేదు.

క్రిప్టో అనేదే అబద్ధమా అని కొందరు అడుగుతున్నారు. కాదు. బిట్‌కాయిన్ 2009 నుంచి ఉంది, కొనేవాళ్లు కొంటున్నారు, అమ్మేవాళ్లు అమ్ముతున్నారు. దాని తీరు చూడండి మరి. 2021 నవంబర్‌లో ఒక్క బిట్‌కాయిన్ 69 వేల డాలర్ల దాకా పోయింది. సరిగ్గా ఏడాదికి, 2022 నవంబర్‌లో, 16 వేల కిందికి పడింది. అసలు సరుకే ఇట్లా ఎగిరి పడుతుంటే, రోజుకు 2 శాతం గ్యారంటీ అని చెప్పేవాడు ఏం అమ్ముతున్నట్టు? ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి లెక్క కట్టండి. రోజుకు 2 శాతం చొప్పున లాభం మీద లాభం వేసుకుంటూ పోతే వెయ్యి దిర్హంలు ఏడాదికి 13 లక్షల 77 వేల దిర్హంలు అవుతాయి. అంత తెలివి ఉన్నవాడికి సోనాపూర్ క్యాంపులో బంక్ బెడ్ మీద పడుకునే మన వెయ్యితో పనేముంది?

వాళ్లు ఎక్కువగా అడిగేది యూఎస్‌డీటీ. దీని ధర ఒక డాలర్ దగ్గరే నిలబడి ఉంటుంది, అంటే సుమారు 3 దిర్హంల 67 ఫిల్స్. ధర ఊగదు, దేశాల సరిహద్దు అడ్డు రాదు, ఒకసారి పంపితే వెనక్కి రాదు. దొంగకు ఇంతకంటే ఏం కావాలి? ఎక్స్చేంజ్‌లో తప్పు అకౌంట్‌కు పంపితే కౌంటర్ దగ్గరికి పోయి రసీదు చూపించి గొడవ చేయొచ్చు. ఇక్కడ కౌంటర్ లేదు, మేనేజర్ లేడు. ట్రాన్ నెట్‌వర్క్‌లో టి అక్షరంతో మొదలయ్యే పొడుగాటి అడ్రస్ ఒకటి ఇస్తారు. ఆ అడ్రస్ వెనక మనిషి పేరు ఉండదు.

అటువైపు చాటింగ్ చేసేది ఎవరో కూడా చెప్పుకోవాలి. కంబోడియాలో సిహనౌక్‌విల్, మయన్మార్‌లో థాయ్‌లాండ్ సరిహద్దున ఉన్న మ్యావాడీ, లావోస్‌లో గోల్డెన్ ట్రయాంగిల్ ఏరియా. ఈ చోట్ల పెద్ద పెద్ద కాంపౌండ్లు కట్టి, వేల మందిని కూర్చోబెట్టి ఈ పని చేయిస్తున్నారు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకుపోయి ఈ మోసాలు చేయిస్తున్న సంగతి 2024 మేలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం మ్యావాడీ వైపు నుంచి 500 మందికి పైగా భారతీయులను వైమానిక దళం విమానాల్లో వెనక్కి తెచ్చింది. పాస్‌పోర్ట్ గుంజుకుని, టార్గెట్లు పెట్టి, చేయకపోతే కొట్టి చేయించే పని అది. మీకు రోజూ గుడ్ మార్నింగ్ పెట్టే అందమైన అమ్మాయి, ఏ అప్పు తీర్చడానికో ఏజెంటును నమ్మి పోయిన ఇరవై రెండేళ్ల కుర్రాడు కావచ్చు.

కాబట్టి ఇంకో మాట. థాయ్‌లాండ్‌లో కంప్యూటర్ ఉద్యోగం, జీతం ఇక్కడికి మూడింతలు, విజిట్ వీసా మీద వచ్చేయమని ఎవరైనా అంటే పోకండి. ఇట్లాంటి ఉద్యోగాల గురించి మన విదేశాంగ శాఖ 2022 సెప్టెంబర్‌లోనే హెచ్చరిక ఇచ్చింది. అందులో దుబాయ్‌లో ఉన్న ఏజెంట్ల మాట కూడా ఉంది. అంటే వల మన పక్కనే వేశారన్నమాట.

కొత్తవాళ్ల మెసేజే రావాలని లేదు. మోసం చేసేవాడు మనకు కొత్తవాడు, తెచ్చి మన చేతిలో పెట్టేవాడు మాత్రం మన ఊరోడే అయి ఉంటాడు. "నువ్వు ఇద్దరిని చేర్పిస్తే నీకు కమీషన్" అనే గొలుసు ఇది. బల్గేరియా నుంచి రూజా ఇగ్నటోవా అనే ఆమె 2014లో వన్‌కాయిన్ మొదలుపెట్టింది. దేశదేశాల జనం దగ్గర వందల కోట్ల డాలర్లు వసూలయ్యాక 2017లో మాయమైంది. 2022లో అమెరికా ఎఫ్‌బీఐ ఆమెను పదిమంది మోస్ట్ వాంటెడ్ జాబితాలో పెట్టింది. మన దేశంలో గెయిన్‌బిట్‌కాయిన్ నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు ఇస్తామని చెప్పి ముంచింది. వీటిలో చేర్పించినవాళ్లంతా దొంగలు కారు. సగం మంది తమ పైసలు కూడా పోగొట్టుకున్న అమాయకులే. అందుకే "మా బావ చెప్పాడు" అనేది హామీ కిందికి రాదు. మీ బావకు ఎవరు చెప్పారో అడగండి.

టెలిగ్రాంలో వీడియోలకు లైక్ కొడితే 5 దిర్హంలు అనే పని కూడా చివరికి క్రిప్టో డిపాజిట్ దగ్గరే తేలుతుంది. దాని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు. లైకు కొట్టడానికి జీతం ఇచ్చే కంపెనీ ఉండదు.

అన్నిటికంటే మాకు భయం కలిగించేది వేరే. పైసలు పోతే పైసలే పోతాయి, మళ్లీ సంపాదించుకోవచ్చు. కొందరు తమ్ముళ్లకు వస్తున్న ఆఫర్ ఏమిటంటే, "నీ బ్యాంక్ అకౌంట్ వాడుకోనీ, నెలకు 500 ఇస్తా. ఏటీఎం కార్డు, సిమ్ నా దగ్గర పెట్టు చాలు." ఇంకో రకంగా, "నీ అకౌంట్‌లో పైసలు వేస్తా, యూఎస్‌డీటీ కొని ఈ అడ్రస్‌కు పంపు, నూటికి రెండు నీకు." కష్టం లేని కమీషన్‌లా కనిపిస్తుంది. ఆ అకౌంట్‌లో పడే పైసలు ఇంకెవరో మోసపోయి కట్టినవి. పోగొట్టుకున్నవాడు కేసు పెడితే పోలీసుల చేతికి మొదట దొరికేది అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాడు. అంటే మీరు. నాకేం తెలియదు సార్ అంటే, నీ కార్డు, నీ సిమ్, నీ ఐడీ కదా అంటారు. జైలు, జరిమానా, డిపోర్ట్, ట్రావెల్ బ్యాన్, ఏదైనా కావచ్చు. ఊళ్లో అమ్మ పేరు మీదో, భార్య పేరు మీదో ఉన్న అకౌంట్ ఇచ్చినా ఇంతే. ఇండియాలో ఎక్కడో ఒక రాష్ట్రంలో కంప్లయింట్ పడితే ఇక్కడ మీరు పంపిన జీతం కూడా ఆ అకౌంట్‌లోనే ఇరుక్కుపోతుంది. ఎక్కువ రేటు వస్తుందని ముక్కూ మొహం తెలియనివాడికి యూఎస్‌డీటీ అమ్మినా ఇదే గతి పట్టొచ్చు. దయచేసి కార్డు, సిమ్, ఐడీ ఫోటో ఎవరికీ ఇవ్వకండి. యూఏఈ పాస్‌లోనో, సౌదీలో నఫాత్‌లోనో మీరు అడగకుండా అప్రూవ్ చేయమని వస్తే నొక్కకండి.

మరి లైసెన్స్ ఉన్న కంపెనీలు లేవా అంటే ఉన్నాయి. దుబాయ్‌లో 2022లో వారా అనే సంస్థ పెట్టారు, అది లైసెన్స్ ఇచ్చినవాళ్ల పేర్లు దాని వెబ్‌సైట్‌లోనే చూసుకోవచ్చు. ఇండియాలో అయితే ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర రిజిస్టర్ కావాలి. కువైట్ 2023లో క్రిప్టోతో చెల్లింపులు, పెట్టుబడులు అన్నీ నిషేధించింది కాబట్టి అక్కడి మనవాళ్లు దాని జోలికే పోవద్దు. టాక్స్ సంగతి అంటారా, ఇండియాలో క్రిప్టో లాభం మీద 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను ఉన్న మాట నిజమే. ఆ పన్ను కట్టేది ప్రభుత్వానికి. నీ పైసలు నీకివ్వాలంటే ముందు మా వాలెట్‌లో టాక్స్ వెయ్యి అని ఏ ప్రభుత్వమూ అడగదు.

లైసెన్స్ ఉన్నా సరే, మా అభిప్రాయం అడిగితే, నెత్తి మీద వడ్డీ అప్పు ఉన్నవాడికి క్రిప్టో పని కాదు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. ఆ అప్పులో వెయ్యి తీర్చుకుంటే 36 శాతం లాభం గ్యారంటీగా వచ్చినట్టే. దీన్ని మించిన స్కీము ఏ మేనమామా చెప్పలేడు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సింది ఉంది. ఎవరైనా మోసపోయాడని తెలియగానే రూంలో, గ్రూపులో మొదట వినిపించే మాట "ఆశకు పోయిండు, అనుభవించిండు." స్టిక్కర్లు కూడా పెడుతున్నారు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో షాన్ హేన్స్ అని ఒక బ్యాంకుకు పెద్ద అధికారి ఉండేవాడు. 2023లో సరిగ్గా ఇట్లాంటి వాట్సాప్ క్రిప్టో వలలోనే పడి, తన పైసలు పోయాక చర్చి పైసలు, చివరికి బ్యాంకువి 4 కోట్ల 70 లక్షల డాలర్లు తీసి పంపాడు. బ్యాంకే మూతపడింది. అతనికి 24 ఏళ్లకు పైగా జైలు పడింది. పైసలతోనే బతికిన బ్యాంకు పెద్దే అంత లోతుకు దిగితే, ఆరో తరగతిలో బడి మానేసి తాపీ పట్టిన మనవాణ్ణి చూసి నవ్వడం ఏం న్యాయం? నవ్వితే జరిగేది ఒకటే. రెండోవాడు చెప్పడు. దాచుకుని ఇంకో ఫీజు కడతాడు. మన నవ్వు దొంగకు పని చేసిపెడుతోంది.

గ్రూపుల అడ్మిన్లకు కూడా ఒక మాట. లాభాల స్క్రీన్‌షాట్లు, రిఫరల్ లింకులు పెట్టేవాళ్లను, మీ మేనల్లుడైనా సరే, తీసేయండి. మన కాన్సులేట్లకూ, ఇక్కడి బ్యాంకులకూ మా విన్నపం. జాగ్రత్త మెసేజులు అరబ్బీలో, ఇంగ్లీషులో వస్తే మనవాళ్లలో చాలామంది చదవలేరు. తెలుగులో ఒక నిమిషం ఆడియో చేసి లేబర్ క్యాంపుల గ్రూపుల్లోకి వదిలితే దొంగల లింకు కంటే ముందు అది చేరుతుంది. దీని మీద లెటర్ రాస్తున్నాం, సంతకాలు కావాలి.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఏం చేయాలి? పైసలు పంపడం ఈ నిమిషమే ఆపేయండి. కోపంలో చాట్ డిలీట్ చేయకండి, అదే మీకు సాక్ష్యం. నంబరు, వాలెట్ అడ్రస్, ట్రాన్సాక్షన్ ఐడీ, బ్యాంకు రసీదులు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి ఇంకో ఫోన్‌కు పంపి పెట్టుకోండి. కార్డుతోనో బ్యాంకు నుంచో పంపి ఉంటే వెంటనే బ్యాంకుకు ఫోన్ చేయండి, గంటల్లో చేస్తేనే ఆపే అవకాశం ఉంటుంది. దుబాయ్‌లో పోలీసుల ఈ-క్రైమ్ వెబ్‌సైట్ ఉంది, నంబరు 901. అబుదాబిలో అమాన్ సర్వీస్ 8002626. సౌదీలో కుల్లునా అమ్న్ ఆప్. ఇండియా అకౌంట్ నుంచి పోతే ఇంట్లోవాళ్లతో 1930కి ఫోన్ చేయించండి. యూఏఈలో ఉన్నవాళ్లకు మన ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 80046342. క్రిప్టోగా పోయిన పైసలు చాలాసార్లు తిరిగి రావు, ఉన్నమాట చెబుతున్నాం. అయినా కంప్లయింట్ ఇవ్వండి. మీ ఐడీ, అకౌంట్ వాళ్ల చేతిలో పడి ఉంటే రేపు మిమ్మల్ని కాపాడేది ఆ కంప్లయింట్ కాగితమే. ఆ తర్వాత "పోయిన పైసలు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని లాయరు పేరుతోనో పోలీసు పేరుతోనో ఎవడో ఒకడు ఫోన్ చేస్తాడు. అది అదే ముఠా, రెండో చుట్టు.

రూం వాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాం. బిడ్డ పెళ్లికి దాచింది పోయిందని తెలిసిన రోజు మనిషి మామూలుగా ఉండడు. అన్నం తినకుండా, ఎవరితో మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే అలిసిపోయాడులే అనుకోవద్దు. ఆ రెండు మూడు రోజులు ఒకరైనా తోడుండండి, రాత్రి డ్యూటీ మార్చుకుని అయినా. ఇంటికి ఫోన్ చేసి చెప్పే మాట అతని నోట రాకపోతే పక్కన కూర్చుని మీరు చెప్పండి. ఇంట్లోవాళ్లకూ మా విన్నపం, ఆ ఫోన్‌లో తిట్టొద్దు. తిట్లకు తర్వాత చాలా టైం ఉంది.

ఎవరికైనా ఇట్లాంటి లింకు వస్తే, ఒక్క దిర్హం కట్టకముందే స్క్రీన్‌షాట్ మన గ్రూపు నంబరుకు పంపండి. ఎంత రాత్రి అయినా పర్లేదు, చూసి చెబుతాం. మన వాలంటీర్లు ఎవరూ మిమ్మల్ని ఓటీపీ, పిన్ నంబర్, ఫీజు అడగరు. మన గ్రూపు పేరు చెప్పి అడిగితే అది మేము కాదు. అడిగిన నంబరును కూడా స్క్రీన్‌షాట్ తీసి మాకే పంపండి.